పదిహేడో గడి

"చూడమ్మా, కంప్యూటర్ ఏ తేదీ ఇస్తే ఆ తేదీనే చూస్తాను. నీ పేషెంటుకి ఐదు నెలల తర్వాత వచ్చింది. అంతే!" అన్నాడు గుండె డాక్టరు, కాగితాల్లోంచి తలెత్తకుండానే.

ఎదురుగా నిలబడ్డ క్లినిక్ డాక్టరమ్మకి ఒళ్లు మండిపోయింది. వీధి చివర చిన్న క్లినిక్ నడుపుకునే మనిషన్న చులకన కాబోలు, కూర్చోమని మాటవరసకైనా అనలేదు మహానుభావుడు.

"నాలుగు మెట్లెక్కితే గుండె పట్టుకుని కూలబడుతోందండీ. ఐదు నెలలు ఆగే కేసు కాదు."

"అలాంటప్పుడు 'అర్జెంట్' అని నొక్కాలి. 'మామూలు' నొక్కేసి ఇప్పుడు నా మీద పడితే ఎలా?"

"అర్జెంట్ నొక్కితే ఇరవై రెండు ప్రశ్నలు! ఒక్కటి తప్ప అన్నీ నింపాను. పదిహేడో గడిలో ఇంటివాళ్ల ఫోన్ నంబరు అడుగుతోంది. ఆవిడేమో ఇవ్వనంటోంది. అది ఖాళీగా ఉంటే మీ కంప్యూటర్ ముందుకు కదలదు. ఏ ప్రబుద్ధుడు రాశాడో ఆ ప్రశ్నలు!"

"నేనే రాశాను. లేకపోతే దగ్గినవాణ్ణీ తుమ్మినవాణ్ణీ అర్జెంటని నా నెత్తిన రుద్దుతారు మీరు. అయినా మెట్లెక్కితే ఆయాసం ఏ ఆడమనిషికి రాదు? గ్యాస్ అయ్యుంటుంది."

"ఇంట్లో ఆయన కూడా అచ్చం ఇదే మాట అన్నారట. అందుకే మళ్లీ ఆయన చెవిన వెయ్యొద్దని ఒకటే గొడవ."

గుండె డాక్టరు మొదటిసారి నవ్వాడు. "ఆ మొగుడెవరో తెలివైనవాడే."

ఆ నవ్వు చూసి డాక్టరమ్మకి అసహ్యం వేసింది. చేతిసంచీలోంచి మడతపెట్టిన చీటీ తీసింది.

"ఇదిగో ఆవిడ భర్త నంబరు. పొద్దున మా క్లినిక్ గుమ్మంలోనే పడిపోయింది. బతిమాలి బామాలి ఇప్పుడే రాయించుకున్నాను. ఇకనైనా చూస్తారా?"

"దొంగ నంబరు కాదని నమ్మకమేంటి? నోటికొచ్చిన అంకెలు వేసి పంపడం మీ క్లినిక్కులకి అలవాటేగా! నా ముందే ఫోన్ చెయ్యి. మొగుడు పలికితే ఈ రోజే చూస్తాను."

డాక్టరమ్మ పళ్లు బిగబట్టి, చీటీ చూసుకుంటూ ఒక్కో అంకె నొక్కింది.

గుండె డాక్టరు మోచేతి పక్కన, బల్ల మీదున్న అతని సెల్‌ఫోన్ మోగింది.