ఇంటి కప్పు

"ముందు ఆ చూడి ఆవును ఎక్కించండి," అని మామగారు లారీవాడితో అంటుండగానే పైనుంచి గడ్డి మోపు ఒకటి దబ్బున పడింది. కోడలు పూరింటి కప్పు మీద కూర్చుని కొడవలితో కట్లు కోస్తోంది.

"అమ్మాయ్, మతి పోయిందా? ఇల్లు పీకుతావేంటి?"

"మేత లేదనేగా మామయ్యా గొడ్లను పంపించేస్తున్నారు? ఇదిగో మేత."

"పొగ కంపు కొట్టే పాత గడ్డి. అవి మూతి కూడా పెట్టవు."

"వేసి చూడండి."

ఆయన విసురుగా మోపు తీసి ఆవు ముందు పడేశాడు. ఆవు వాసన చూసి తల తిప్పుకుంది. లారీవాడు నవ్వాడు.

కోడలు గబగబా నిచ్చెన దిగొచ్చి, చెంబులో కాసిని ఉప్పునీళ్లు కలిపి గడ్డి మీద చిలకరించింది. ఆవు నాలుక చాపింది. ఇక తల ఎత్తలేదు.

మామగారు ఆ నమిలే చప్పుడు వింటూ నిలబడిపోయాడు. ఈ ఏడాది ఎండల్లో ఆ చప్పుడే మరిచిపోయాడు.

"ఇదెన్నాళ్లు వస్తుందే?" గొంతు తగ్గింది.

"వచ్చినన్నాళ్లు."

"మరి వాన పడితే ఇల్లంతా తడిసిపోదా తల్లీ?" అన్నాడు లారీవాడు.

"పడమనండి చూద్దాం! పిల్లాపాపలతో సహా తడుస్తాం."

మామగారు ఫక్కున నవ్వాడు. "బండి తిప్పుకో అబ్బీ," అని, కొడవలి అందుకుని, నిచ్చెన ఎత్తి తన గది గోడకు ఆనించాడు.