దెబ్బ కాదు

"ఇంకోసారి చూడండి మేడమ్. దెబ్బకి చితికి రక్తం గడ్డకట్టి ఉండొచ్చు కదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. మొన్నటిదాకా కేసు తేలిపోయిందని ధీమాగా తిరిగినవాడు, ఇవాళ గొంతు తగ్గించి బతిమాలుతున్నాడు.

డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు.

ఆ రాత్రి టీవీ సౌండు దగ్గర తండ్రీకొడుకులకి మాటా మాటా పెరిగింది. కొడుకు భుజం పట్టి తోశాడు. తండ్రి సోఫాలో కూలబడ్డాడు. తెల్లారేసరికి పోయాడు. ఎడమ డొక్కలో ప్లీహం పగిలి, కడుపు నిండా రక్తం. వీధి వీధంతా కొడుకునే వేలెత్తి చూపింది. అతనూ కాదనలేదు, పోలీసుల వెంట వెళ్లాడు.

శవపరీక్షలో ప్లీహం చేతిలోకి తీసుకున్నప్పుడే ఆమెకి అనుమానం వచ్చింది. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు బరువు. చర్మం కమల్లేదు, పక్కటెముక చెక్కుచెదరలేదు.

ఇప్పుడు అనుమానం తీరిపోయింది. మామూలు రక్తనాళాల గడ్డ అయితే గొట్టాలు తీరుగా, పలచటి గోడలతో ఉంటాయి. ఇక్కడ దారీతెన్నూ లేకుండా ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయాయి. గోడల్లో ఏ కణాన్ని చూసినా వికారమే. కాలేయం ముక్కలోనూ అవే.

"రక్తనాళాల క్యాన్సర్," అంది. "తోయాల్సిన పనేలేదు. గట్టిగా దగ్గినా పగిలేది."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడిపోయాడు.

వరండాలో బెంచీ మీద తల్లి కూర్చుని ఉంది. డాక్టరమ్మ పక్కన కూర్చుని, అర్థమయ్యే మాటల్లో అంతా చెప్పింది.

"అంటే... నా బిడ్డ చంపలేదా?"

"లేదమ్మా. మీ ఆయనకి లోపల జబ్బు. అబ్బాయి చెయ్యి తగలకపోయినా జరిగేదే."

తల్లి చేత్తో నోరు మూసుకుంది.

"నేనూ అదే అన్నానమ్మా, నువ్వు కాదురా అని. చెవిన పెట్టలేదు. తిండి మానేశాడు. గోడకేసి తల బాదుకున్నాడు. 'నీకు తెలీదమ్మా, నాన్నని నేనే చంపాను' అన్నాడు. మీరు చెప్పండి. చదువుకున్నవాళ్లు, మీ నోటితో వాడికి చెప్పండి."

డాక్టరమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. వెనకే వచ్చి నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ తల దించుకుని పక్కకి జరిగాడు. పక్క గది ముందు కాపలా ఉన్న కానిస్టేబులు తలుపు తీశాడు.

తల్లి చెయ్యి వదలకుండానే డాక్టరమ్మ లోపలికి నడిచి, నిన్న రాత్రి స్టేషన్ లాకప్పు ఊచలకి ఉరేసుకున్న కొడుకు ముఖం మీది తెల్లగుడ్డ తొలగించింది.