దొరసాని తొండం

ఏనుగు ఏదో ఒక రోజు మావటి అయిన తన తండ్రిని చంపేస్తుంది, లేదా తన పాపని. సర్కస్‌లో బట్టలు కుట్టే ఆమెకున్న భయమంతా అదే.

ఆ పొద్దున ఒళ్ళో ఆటగత్తెల తళుకుల గౌను, చేతిలో సూదీ దారం ఉన్నాయి కానీ, ఆమె చూపంతా డేరా వెనక ఏనుగు మీదే. సూది మూడుసార్లు వేలికి గుచ్చుకుంది. పాకే పాప ఎక్కడికి జారుకుంటుందోనని దాని నడుముకి చీర పేలిక కట్టి, రెండో కొస తన కాలికి ముడేసుకుంది.

"నాన్నా, నిన్న డేరా తాళ్ళ దగ్గర దొరసాని మళ్ళీ నీ ఛాతీకి తొండం అడ్డం పెట్టింది. నేను చూశాను."

గడ్డి మోపు విప్పుతున్న మావటి నవ్వాడు. "పెడితే పెట్టింది. ముప్పై ఏళ్ళ కాపురం మాది, ఆ మాత్రం చనువుండదా?"

"వేళాకోళం ఆపు. మొన్న నీళ్ళ తొట్టి దగ్గర వెనక్కి తోసింది. చెప్పకుండా మావటి మీద తొండం వేసిన ఏనుగు చెడిపోయినట్టేనని చిన్నప్పుడు నాకు నేర్పింది నువ్వే కదా?"

"అది మామూలు ఏనుగుల సంగతే. ఇది దొరసాని!"

"నా మొహం చూసి చెప్పు నాన్నా."

ఆయన చూడలేదు. ఏనుగు చెవి నిమురుతూ, "నీకు అచ్చం మీ అమ్మ పిరికితనమే వచ్చింది" అన్నాడు.

ఇక ఆమె కడుపులో దాచుకోలేకపోయింది. పాపని చంకనేసుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేసింది.

"నేనూ గమనించానమ్మాయ్. రింగులో కూడా ఆయన్ని ఆనుకునే ఉంటోంది. ఇవాళ కొత్త మావటితో నడిపించి చూస్తా. మాట వినకపోతే సాయంత్రమే లారీ ఎక్కించేస్తా."

"నేను చెప్పానని నాన్నకి తెలీనివ్వకండి సార్."

"నాకు మాత్రం ప్రాణం మీద ఆశ లేదా ఏంటి?"

మధ్యాహ్నం కొత్త మావటి దొరసానిని మైదానం అవతలికి తీసుకెళ్ళాడు. తండ్రి గుంజ దగ్గరే నిలబడిపోయాడు. ఏనుగు వెళ్తున్న వైపే చూస్తూ ఆమె కుట్టు మరిచిపోయింది. కాలి ముడి ఎప్పుడు ఊడిందో తెలీదు. పాప పాకుతూ తాత వైపు బయల్దేరింది.

"దొరసానీ!" అని గట్టిగా పిలుస్తూ ఆయన ముందుకు కదిలాడు.

ఏనుగు ఘీంకరించింది. కొత్త మావటి చేతిలోంచి గొలుసు జారిపోయింది. నేల అదిరేలా అది పాప మీదికే పరుగెత్తుకొచ్చింది. ఆమె గౌను విసిరేసి పరుగెత్తింది.

దుమ్ము సర్దుకున్నాక చూస్తే, పాప ఏనుగు ముందుకాళ్ళ మధ్య కూర్చుని బొటనవేలు చీకుతోంది. తండ్రి మాత్రం తొండం దెబ్బకి అల్లంత దూరాన వెల్లకిలా పడి ఉన్నాడు.

మేనేజరు పరుగున వచ్చాడు. "మనిషినే తోసేసింది! లారీ తెప్పించండిరా!"

ఆమె పాపని లాక్కుని తండ్రి పక్కన కూలబడింది. ఆయన ఆమె చెవిలో రెండే రెండు మాటలన్నాడు. ఆమె పాపని చూసింది. తండ్రి కాళ్ళకున్న బరువైన బూట్లని చూసింది.

"లారీ వద్దు సార్."

"అదేంటి, పొద్దున నువ్వే కదా..."

"పొద్దున నాకు బుద్ధి లేదు. పాపని వదిలేసింది నేను, కాపాడింది అది. దొరసాని వెళ్తే ఆయనా ఉండడు, నేనూ ఉండను. మీ గౌన్లు మీరే కుట్టుకోండి."

మేనేజరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సర్కస్ ఇంకా ఊళ్ళు తిరుగుతూనే ఉంది. ఆమెకి ఇప్పటికీ కుదురు లేదు, భయం ఒకటే మారింది. మీ ఊరికొస్తే, ఆట అయ్యాక, మేనేజరు దగ్గర్లో లేనప్పుడు, దొరసాని పక్కనుండే ఆ పెద్దాయన ఎలా ఉన్నాడో ఒకసారి చూసి రండి.

ముందు మీరే పలకరించండి, ఆయనకి చూపు లేదు.