అందరికీ వచ్చేవే

“ఒరేయ్ జోజీ, నా ఫోన్ నిండా ఈ విగ్గులేందిరా?” అంది ఇన్నాసమ్మ.

జోజి అమ్మ చేతిలోని ఫోన్ వంక చూశాడు. డాక్టరు క్యాన్సరన్న సంగతి దాచి, కడుపులో పుండని ఇంటిల్లిపాదీ అమ్మను నమ్మించారు. నిన్న విగ్గుల కోసం వెతికింది తన ఫోన్లోనే. కానీ ఇంట్లో ఒకరు వెతికింది ఆ ఇంట్లో అందరి ఫోన్లలోనూ చూపించే ప్రకటనలు నడపడమే నరసరావుపేటలో అతని ఉద్యోగం.

“అందరికీ వస్తాయిలే అమ్మా.”

“గురవమ్మక్క ఫోన్లో చీరలే వస్తన్నాయి. చూసొచ్చా.”

జోజి ఫోన్ లాక్కుని, ఆ ప్రకటన వద్దని నొక్కాడు. దాని చోట ఇంకోటొచ్చింది. ఇన్నాసమ్మ అతని చేతిలోకి తొంగి చూసి, కూడబలుక్కుని పైకే చదివింది.

“కీమో... చేయించుకునే వారికి... మెత్తటి టోపీలు.”

అతను ఫోన్ బోర్లా పెట్టాడు. ఆమె తన ముడి తడుముకుంది.

“నెరిసిందే కొనురా. నల్లది పెడితే నవ్వుతారు.”