సంతోషమ్మ కేకు గిన్నెలు

"ఈ రెండిట్లో మీదేది, దీదీ?"

ఖరిదా బజారులో అందరూ దాదా అని పిలిచే బేకరీ ఆయన రెండు కేకు గిన్నెలు బల్ల మీద పెట్టి అడిగాడు. ఆ రోజు క్రిస్మస్ ముందు రోజు. చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ళవాళ్ళు పిండి ఇంట్లో కలుపుకుని, కాల్పించుకోవడానికి అతని పొయ్యికే తెస్తారు. గిన్నెల మీద పెట్టిన పేర్ల చీటీలు ఆ వేడికి మాడి మసైపోయాయి.

"గిన్నె మీద పేరు చెక్కుంది కదా, దాదా. సూడండి," అంది రెబెక్కా.

"చూశాను. రెండిటి మీదా ఒకే పేరు."

నిజమే. రెండిటి మీదా 'సంతోషమ్మ' అనే ఉంది. కోడళ్ళిద్దరికీ చెరో గిన్నె కొనిచ్చి, రెండిటి మీదా తన పేరే చెక్కించుకున్న మహాతల్లి ఆ అత్తగారు. ఒకటి రెబెక్కాది. రెండోది ఊరికి అవతల ఇందా పేటలో ఉండే పెద్ద తోటికోడలు రూతుది.

ఒక కేకు గిన్నె అంచు దాటి బంగారు రంగులో పొంగింది. రెండోది నడిమధ్య గుంటపడి కూర్చుంది. రెబెక్కాకి ఏడుపొచ్చినంత పనైంది. ఈసారి చెయ్యి పడిపోయేదాకా గుడ్లు గిలక్కొట్టింది. పంచదార పాకంలో ఊరేసిన ఎర్ర మొరబ్బా దొరక్కపోతే బజారంతా తిరిగి పచ్చది తెచ్చి, సన్నగా తరిగి పిండిలో కలిపింది. అయినా కుంగింది. పదమూడేళ్ళుగా ఏటా కుంగేది ఆమె కేకే, ఏటా పొంగేది రూతుదే. సాయంత్రం చర్చిలో టీకి తన కేకు పెడతానని ఈసారి నోరు జారి ఒప్పుకుంది కూడాను.

"అదే నాది," అంది. వేలు పొంగిన కేకు వైపు చూపించింది.

దాదా ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. "ఠీక్ హై, దీదీ," అని పాత పేపరు చుట్టి ఇచ్చాడు.

బ్యాటరీతో నడిచే టోటో రిక్షా ఎక్కి చర్చికి పోనిమ్మంది. పొయ్యి సెగకి పట్టిన చెమట తుడుచుకుందామని చేతిసంచీలో రుమాలు వెతుకుతుంటే బైబిలు వాక్యం కార్డు చేతికి తగిలింది. పోయిన ఆదివారం పాస్టరమ్మ ఆడవాళ్ళందరికీ తలొకటి పంచి, "చదివి దాచుకోవడం కాదు, ఈ వారం చేసి చూడండి. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాలి," అంది. రెబెక్కాకి వచ్చిన వాక్యం, అర్పణ పట్టుకుని బలిపీఠం దగ్గరికి వచ్చాక నీ మీద ఎవరికైనా కోపం ఉందని గుర్తొస్తే, ఆ అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమని. అది చూసిన రోజే ఆమె కార్డును సంచీ అడుక్కి తోసేసింది.

'ఇది అర్పణేటి? టీలోకి కేకు,' అని కార్డుతో వాదించింది. వాదన నిలవలేదు. ఒళ్ళో గిన్నె ఇంకా వేడిగా ఉంది. ఎనిమిది నెలల కిందట అత్త పోయాక జరిగిన ఆదరణ కూడికలో, పదిమందిలో, "ఆఖర్న అత్తకి నీళ్ళిచ్చింది నేనొక్కదాన్నే," అనేసింది. ఆ రోజు నుంచి రూతు మాట్లాడలేదు. ఇప్పుడు ఆ రూతు కేకే ఎత్తుకుపోతోంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"చర్చికి వద్దు, దాదా. ఇందాకి తిప్పండి," అంది టోటో అతనితో.

తలుపు తీసిన రూతు లోపలికి రమ్మనలేదు. గడపలోనే నిలబడింది.

"అక్కా, ఇది నీ కేకు. నాది కుంగిపోనాది. నీది నాదని సెప్పి తెచ్చీసినాను," అంది రెబెక్కా. ఒకసారి నోరు తెరిచాక ఆపుకోలేకపోయింది. "అత్త కూడికలో అన్న మాట కూడా అబద్ధమే. రాత్రుళ్ళు నిద్రమాని కూకున్నది నువ్వు. తెలిసే అన్నాను. నన్ను క్షమించు."

దూరంగా రైల్వే వర్క్‌షాపు సైరన్ కూసి ఆగిపోయింది.

"ఖరిదా నుంచి ఇక్కడికి రావడానికి ఎనిమిది నెలలు పట్టినాదేటే నీకు?" అంది రూతు. కళ్ళు తుడుచుకుని, రెబెక్కా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

రెబెక్కా కుర్చీలో కూలబడింది. ఎనిమిది నెలలుగా గుండెల మీదున్న బరువు దిగిపోయి, ఒళ్ళంతా తేలికైంది. చర్చిలో ఏ కేకు పెడితే ఏటి, అసలు పెట్టకపోతే ఏటి అనిపించింది. కుంగిపోయినదే తీసుకెళ్ళి పెడతానని రూతుతో చెప్పింది కూడా.

"అలాగే పెడుదువులే. ముందు నోరు తీపి చేసుకో," అంటూ రూతు చాకు తెచ్చి, పొంగిన కేకు అంచు నుంచి ఒక ముక్క కోసింది. కోసిన ముక్కను చేతిలో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏటక్కా? ఏటయినాది?"

రూతు ఆ ముక్కని ఆమె కళ్ళ ముందు పెట్టింది. కేకు నిండా పచ్చపచ్చగా మొరబ్బా ముక్కలు.

"నేనేసింది ఎర్రదే, రెబెక్కా. పద, టోటో ఎక్కు. కుంగిపోనాది నాదే, దాన్ని తెచ్చుకుందాం."