ఓవెన్ మాస్టారి సూత్రాలు

గేటు దగ్గర ఊనా గెడిస్‌కు ఒక తెల్లకోటు, జుట్టుకు వల టోపీ ఇచ్చారు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో అడుగుపెట్టాలంటే ఎవరైనా అవి వేసుకోవాల్సిందే.

"ఓవెన్ మాస్టారు ఎక్కడుంటారు?" అని అడిగింది.

"ఇంకెక్కడుంటారు? ఓవెన్ దగ్గరే," అన్నాడు గేటు మనిషి. "కుడివైపు చివరి గదిలో ట్రయల్ ఓవెన్ ఉంది, చూడండి."

అది 1986. స్కాట్లాండ్‌లో కర్కాల్డీ ఊరు. ఊనా ఎడిన్‌బరోలో ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తోంది. పని తెలిసినవాళ్ల తలలో ఉన్నదాన్ని 'ఇలా ఉంటే ఇలా చెయ్యి' అనే సూత్రాలుగా రాబట్టి యంత్రానికి ఎక్కించడం ఆమె ఉద్యోగం. యంత్రం ఆ సూత్రాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టి సలహా ఇస్తుంది. ఎందుకని అడిగితే కారణం కూడా చెబుతుంది.

పోయిన నెల చేపలకు పొగబెట్టే ముసలాయన దగ్గరికి పంపారు. వారం రోజులు కూర్చుంది. "అది చేతికే తెలుస్తుందమ్మా" అన్న ముక్క తప్ప ఆయన ఏమీ చెప్పలేదు.

"ఈసారీ వట్టి చేతులతో వచ్చావంటే ప్రింటర్లు అమ్ముకునే సెక్షన్‌కి పోతావ్," అన్నాడు బాస్ లెన్నాక్స్. "బుధవారం ఆ బిస్కెట్ల కంపెనీ లండన్ హెడ్డాఫీసు నుంచి మిసెస్ థార్ప్ వస్తున్నారు. అప్పటికి యంత్రం సలహా చెప్పాలి. ఓవెన్ మాస్టారి పేరు పెట్రీ. ఆయన నోరు విప్పకపోతే నువ్వే ఒక తప్పు మాట అను. పని తెలిసినవాడు తప్పు విని ఊరుకోలేడు."

చివరి గదిలో ఓవెన్ పక్కన తెల్లకోటులో ఒకాయన నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. కోటు జేబు బరువుకు కిందికి దిగి ఉంది.

"గుడ్ మార్నింగ్ మాస్టారూ," అంది ఊనా.

"గుడ్ మార్నింగ్ మాస్టారూ," అన్నాడాయన.

వెక్కిరిస్తున్నాడనుకుంది. ఫర్వాలేదు, చేపల ముసలాయన ఆ మాత్రం కూడా మాట్లాడలేదు. బల్ల మీద టేప్ రికార్డర్ పెట్టి, "మీకేం అభ్యంతరం లేదుగా?" అని అడిగింది.

"నిక్షేపంగా పెట్టండి. మన మాటలు పోకుండా ఉంటాయి."

"ఓవెన్ సరిగ్గా కాగిందని మీకెలా తెలుస్తుంది?"

"మీరు చెప్పండి. ఎలా తెలుస్తుంది?"

గట్టి పిండమే, అనుకుంది ఊనా.

ఓట్ బిస్కెట్ల పిండి బిళ్లలు ట్రేలలో పేర్చి ఉన్నాయి. ఒక ట్రే లోపల పెట్టారు. తీసి చూస్తే అంచులు మాడాయి, నడుమ పచ్చిగా ఉంది. ఊనాకు లెన్నాక్స్ మాట గుర్తొచ్చింది.

"అయితే వేడి ఇంకా పెంచాలి, అంతేగా?"

"పెంచుదాం," అన్నాడాయన.

రెండో ట్రే బొగ్గయింది. ఆయన ఒక ముక్క కొరికి, నమిలి, మింగాడు. "ఇప్పుడేమంటారు?"

"తగ్గించాలంటాను."

"ఎందుకని?"

"మాడింది కాబట్టి!"

"ఆహా," అన్నాడాయన, ఎవరూ చెప్పని సంగతి విన్నట్టు. మూడో ట్రే తీశాక ఆయనే మాట అందుకున్నాడు. "వీటిని వేడి మీదే డబ్బాలో పోసి మూత బిగించేస్తే సరిపోతుంది కదూ?"

"అయ్యయ్యో! ఆవిరి పట్టి మెత్తబడిపోవూ? మా నాయనమ్మ వింటే మీ వీపు విమానం మోత మోగించేది!"

ఆయన ముఖం వెలిగింది. పరీక్ష పెట్టాడు, నెగ్గాను అనుకుంది ఊనా.

కాసేపటికి ఎక్కడో 'టక్' మంది. ఊనా తన రికార్డర్ చూసుకుంది. టేపు తిరుగుతూనే ఉంది. ఆయన దగ్గి, జేబు సర్దుకుని, బాత్రూమ్‌కి వెళ్లొస్తానని బయటికి నడిచాడు.

మంగళవారమూ ఇదే తంతు. ఈవిడ ప్రశ్న వేస్తే ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. ఓవెన్ మీట మీరు తిప్పండంటే మీరే తిప్పండన్నాడు. ఇద్దరూ కలిసి కాల్చారు, మాడ్చారు, తిన్నారు. సాయంత్రం ఆఖరి ట్రే తీసి కొరికితే కరకరమంది. నలభై సూత్రాలు తేలాయి.

బుధవారం లెన్నాక్స్ యంత్రాన్ని వ్యానులో తెచ్చాడు. ఊనా దాని కీబోర్డు ముందు కూర్చుంది. తెల్లకోటు ఆయన నోరు తెరిచాడు.

"మీకిది కూడా వచ్చా మాస్టారూ?"

"అదేగా నా పని," అంది ఊనా.

మిసెస్ థార్ప్ వచ్చింది. యంత్రం అడిగినవాటికి జవాబులు టైపు కొట్టారు, అది చెప్పినట్టు ఓవెన్ మీట తిప్పారు. ట్రే బయటికొచ్చింది. మిసెస్ థార్ప్ ఒక బిస్కెట్ తిని, అడక్కుండానే రెండోది తీసుకుంది. తర్వాత 'ఎందుకు' అన్న మీట నొక్కింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: 'అంచు ముందే ఎర్రబడితే వేడి తగ్గించు. చెప్పినవారు: ఓవెన్ మాస్టారు పెట్రీ.'

ఆవిడ తెల్లకోటు ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. "మీ అనుభవమంతా ధారపోశారండీ!"

"నాదేముంది మేడమ్?" అన్నాడాయన, ఊనాను చూపిస్తూ. "అంతా ఈవిడ చెప్పిందే."

"చూశారా, ఎంత వినయమో!" అన్నాడు లెన్నాక్స్. ప్రింటర్ల సెక్షన్ ఊసు ఇక ఎత్తనన్నట్టు ఊనాకు కన్ను గీటాడు.

అప్పుడే తలుపు తోసుకుని సూటు, టైతో ఒక పెద్దమనిషి వచ్చాడు. చంకలో మడిచిన పేపరు ఉంది. అందరినీ ఒకసారి చూసి అన్నాడు:

"నేను పెట్రీనండీ, నన్ను ప్రశ్నలడగడానికి ఎడిన్‌బరో నుంచి ఒకరు, గ్లాస్గో నుంచి ఒకరు వస్తారంటే పెళ్లినాటి సూటు వేసుకుని సోమవారం నుంచి మేనేజరు గదిలో కూర్చున్నాను, ఇద్దరిలో ఒక్కరూ రాలేదేం?"