కొండెక్కిన ఛార్జింగ్

“బస్సు కొండెక్కలేక ఆగిపోతోందని మూడుసార్లు రాసిచ్చాను సార్. మూడుసార్లూ ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అనే తిప్పి పంపారు!” డ్రైవరమ్మ కాగితాన్ని బల్ల మీద కొట్టింది.

ప్లానింగ్ ఇంజనీరు తలెత్తలేదు. ఆయన ముందు నగరం మ్యాపు పరిచి ఉంది. ఎలక్ట్రిక్ బస్సులకు ఛార్జర్లు పెట్టబోయే చోట్లు ఎర్రచుక్కలు. డిపోలో పన్నెండున్నాయి. కొండ మీద ఆసుపత్రి దగ్గర ఒక్కటీ లేదు.

“ఒక్క ఛార్జింగ్‌కి నూట ఎనభై కిలోమీటర్లు వస్తుంది. మీ రూటు నూట యాభై. సరిపోయింది కదమ్మా?”

“కాగితం మీద సరిపోతుంది. నా బస్సు డెబ్బై మందితో కొండెక్కాలి! సాయంత్రం ట్రిప్పుకి సగంలోనే చతికిలబడుతోంది. మొన్న డయాలసిస్‌కి వెళ్లే పెద్దాయన్ని నేనూ కండక్టరూ మోసుకెళ్లాం. దారిలోనే సొమ్మసిల్లిపోయారు. ఆయనకో చుక్క పెట్టారా ఇందులో?”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నడపడం రాక బ్యాటరీని తిడితే ఎలా?”

ఆమె ముఖం కందగడ్డయింది. “పద్నాలుగేళ్ల సర్వీసు సార్ నాది!”

“సరే, మూడింటికి నేనే వస్తా. ఖాళీ బస్సు తీసుకురండి. కొండెక్కిందా, తప్పు మీదేనని రాసి పైకి పంపేస్తా. ఆ తర్వాత మీ ఉద్యోగం, మీ అదృష్టం.”

“ఖాళీ బస్సు ఎందుకాగుతుంది సార్?”

“అదే చూద్దాం.”

మూడింటికి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇంజనీరు వెనక సీట్లో ఫోనులో మునిగిపోయాడు. డ్రైవరమ్మ పళ్లు బిగించి నడిపింది.

కొండ రెండో మలుపులో బస్సు ఆగిపోయింది. ఏసీ ఆగింది. మీటరు నల్లబడింది.

“ఏమైంది?”

“రోజూ అయ్యేదే సార్.”

ఆయన మీటరును వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు. డిపోకి ఫోన్ చేస్తే, కారు రావడానికి గంట పడుతుందన్నారు. కిటికీలు తెరుచుకోని బస్సు పది నిమిషాల్లో పొయ్యిలా మారింది. గత్యంతరం లేక ఇద్దరూ ఆసుపత్రి వైపు నడక మొదలుపెట్టారు.

దారిలో ఒక ముసలామె చేతికర్రతో ఆయాసపడుతూ ఎక్కుతోంది. “బస్సాగిందా నాయనా? మాకిది అలవాటే,” అంది.

ఆసుపత్రి మెట్ల మీద కూలబడేసరికి ఇంజనీరు చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. ఆఫీసుకి ఫోన్ చేసి అరిచాడు. “కొండ మీద ఛార్జర్ లేకుండా ప్లాన్ గీసిన గాడిదెవడయ్యా?”

అవతలి గుమాస్తా నసిగాడు. “మీరే సార్.”

ఇంజనీరు సంచిలో తెచ్చుకున్న మ్యాపు తెరిచి ఆసుపత్రి పక్కన రెండు ఎర్రచుక్కలు పెట్టాడు. సంతకం చేశాడు. ఆమె ఫిర్యాదు మీదున్న ‘నిర్లక్ష్యం’ అన్న మాటను అడ్డంగా కొట్టేసి, కాగితాన్ని డ్రైవరమ్మ చేతికిచ్చాడు. “క్షమించమ్మా,” అన్నాడు.

ఆయన కారెక్కి వెళ్లిపోయాక, ఆమె ఒంటరిగా కొండ దిగి, సీట్లో కూర్చుని, మలుపులో తాను గుట్టుగా ఆపేసిన మీటను మళ్లీ నొక్కింది. మీటరు వెలిగింది.

బ్యాటరీ అరవై శాతం ఉంది.